దూరం కొలిచే గొట్టం

పోయిన చలికాలం మా తమ్ముడి కొడుకు నన్ను విశాఖపట్నం తీసుకుపోయాడు. సముద్రం చూపిస్తానని పిలుచుకుపోయి, ఎండ దిగేదాకా చల్లగా ఉంటుందని ఒక మ్యూజియంలోకి తోలాడు. యుద్ధం సామాన్లు పెట్టిన మ్యూజియం. గుండ్లు, తుపాకులు, ఓడల బొమ్మలు, ఎవరెవరివో టోపీలు. చచ్చినవాళ్ళ టోపీలు చూడ్డానికి ఇంత దూరం రావాలా అని నేను సణుగుతూనే నడిచాను. చివరి గదిలో గోడవారగా, ఇనుప కాళ్ళమీద పడుకోబెట్టిన ఒక పొడవాటి గొట్టం కనిపించింది. మనిషి రెండు చేతులూ బార్లా చాపినా ఇంకా మిగిలేంత పొడవు. రెండు కొసల్లో రెండు గాజు కిటికీలు, నడుమ కన్ను ఆనించుకోవడానికి ఒక చిన్న గొట్టం. పక్కన అట్టమీద ‘యుద్ధనౌకలో దూరం కొలిచే సాధనం’ అని రాసి, దాని కింద ఎవరికీ అర్థం కాని నాలుగు ముక్కలు రాశారు. నేను అక్కడే ఆగిపోయాను. ముందుకు పోయిన మావాడు వెనక్కి వచ్చి, “ఏమత్తా, కాళ్ళు నొస్తాండాయా?” అన్నాడు. “లేదప్పా, దీన్ని నేను ఎరుగుదును” అన్నాను. వాడు నవ్వాడు. ఆదోని ముసలమ్మకు యుద్ధనౌక యంత్రంతో ఏమి పని అని వాడి నవ్వు. వాడికి చెబుదామంటే బీచికి పోవాలని తొందర. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. మా నాయనకు పత్తి మండీ. మండీ అంటే ఒక పెద్ద బయలు, దానికి ఆ కొసన సరుకు పెట్టే రేకుల షెడ్డు, ఈ కొసన మా మిద్దె ఇల్లు. పత్తి రోజుల్లో పెద్దకడుబూరు వైపునుంచీ, పత్తికొండ వైపునుంచీ బండ్లు వచ్చి ఆ బయలంతా నిండిపోయేది. నాయన ఒక్కో గోనె బోరెంలోంచి పిడికెడు పత్తి తీసి, రెండు బొటనవేళ్ళ నడుమ లాగి, పోగు పొడవు చూసి, ఏమీ అనకుండా మూతి విరిచేవాడు. ఆ విరుపును బట్టే బేరం. ఇంట్లోనూ ఆయనకు మాటలతో పని లేదు, కూర బాగుంటే రెండోసారి వడ్డించుకునేవాడు, బాగోలేకపోతే మూతి విరిచేవాడు. ఇల్లంతా పత్తిగింజల వాసన. కొర్రన్నంలో దూదిపోగు, మజ్జిగలో దూదిపోగు, తలలో దూదిపోగు. మా అవ్వ, అంటే నాయన తల్లి, ప్రతి ముద్దలోంచీ ఒక పోగు ఏరి పారేస్తూ, “నేను సచ్చినాక ముక్కులో దూది పెట్టే పని ల్యా, ఇప్పటికే కడుపు నిండా ఉండాది” అనేది. అమ్మ వెంటనే “అపశకునం మాట!” అని చెవులు మూసుకునేది.

అమ్మకు శకునాలే లోకం. పిల్లి అడ్డం వచ్చిందంటే నాయనను బయటికి పోనిచ్చేది కాదు, అరుగుమీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి మళ్ళీ పంపేది. శుక్రవారం ఇల్లు ఊడ్చిన చెత్త గడప దాటకూడదు, మంగళవారం గోళ్ళు తీయకూడదు, పొద్దుగూకినాక ఉప్పు అనకూడదు. నాకన్నా ముందు పుట్టిన ఇద్దరు బిడ్డలు ఆమె ఒళ్ళోనే పోయారట. ఆ భయం ఆమెను విడవలేదు. ఇప్పుడు తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది గానీ, అప్పుడు నాకు ఒళ్ళు మండేది.

నా పెళ్ళి నాకు ముక్కలు ముక్కలుగా గుర్తుంది. కొత్త చీర గరగరలాడుతూ గుచ్చుకోవడం, నిద్ర ముంచుకురావడం, ఎవరో వచ్చి నోట్లో బెల్లం పెట్టడం. పెళ్ళికొడుకు ఎమ్మిగనూరు నూలు అంగడివాళ్ళ ఏకైక కొడుకు. పీటలమీద నా ఎదుటే కూర్చున్నాడు, అయినా ముఖం చూశానా అంటే చూడలేదు. నొసట బాసికం, దానినుంచి వేలాడే పూలు. ఆయనకు అవి అడ్డం, నాకు సిగ్గు అడ్డం. తల వంచుకోమన్నారు, వంచుకున్నాను. ఎత్తమని ఎవరూ చెప్పలేదు. పిల్ల పెద్దదయ్యాక కాపురానికి పంపుదామని పెద్దలు అనుకున్నారు. ఆయన బళ్ళారిలో చదువుకుంటూ, వాళ్ళ నాయన పోయిన ఏడే ఎవరితోనూ చెప్పకుండా రైలెక్కి బొంబాయి పోయి, నౌకాదళంలో చేరాడు. అప్పటికే యుద్ధం నడుస్తోంది. మా నాయన నోటినుంచి అంత పెద్ద మాట రావడం అప్పుడే విన్నాను: “తక్కెడ పట్టాల్సిన పిల్లోడు సముద్రంలో పడె గదరా దేవుడా!” ఆయన పేరు నేను ఇప్పటికీ పలకను, ఇక్కడా రాయను. చాదస్తమనుకుంటే అనుకోండి.

తరువాత ఒక రోజు ఆయన పంపిన ఫోటో వచ్చింది. ఓడమీద తెల్లబట్టల్లో ముగ్గురు మనుషులు, వాళ్ళ నడుమ పెద్ద గొట్టం. ఒకడు మీసాలవాడు, ఎండకు కళ్ళు చికిలించి నిలబడ్డాడు. ఇంకొకడు గొట్టంమీద చెయ్యి వేసి, పళ్ళన్నీ కనబడేటట్టు నవ్వుతున్నాడు. మూడోవాడు వంగి గొట్టంలోకి చూస్తున్నాడు, వీపూ ఒక చెవీ తప్ప ఏమీ కనబడదు. ఫోటో వెనక ఒక్క అక్షరం లేదు. “అల్లుడు యాడుండాడు?” అని అమ్మ అడిగితే, నాయన “ఇదో, ఈడనే గదా” అని వేలు పెట్టాడు. ఆయన వేలు ముగ్గురినీ కప్పేసింది. నాయన కూడా పిల్లవాణ్ణి పెళ్ళిచూపుల్లో, పెళ్ళిలో చూసినదే, మళ్ళీ చూడలేదు. తెలియదని ఒప్పుకోవడానికి మామగారి హోదా అడ్డం వచ్చి ఉంటుంది. అమ్మకు ఆ జవాబు చాలింది. నాకు చాలలేదు. కానీ అడగడమెట్లా? మొగుడి సంగతి పిల్ల తన నోటితో అడిగితే సిగ్గుమాలినది అంటారు. పోనీ అవ్వను అడుగుదామంటే ఆమె కళ్ళకు పొరలు కమ్మినాయి.

అడగలేక, నేనే ఎంచుకున్నాను. మీసాలవాడు మా లెక్కల అయ్యవారి మాదిరి ఉన్నాడు, వద్దనుకున్నాను. వంగినవాడు లెక్కలోకే రాలేదు. ఫోటో తీస్తుంటే ముఖం చూపించని మనిషి ఉంటాడా ఎక్కడన్నా? నవ్వేవాడే నా మొగుడని నిశ్చయం చేసుకున్నాను. అప్పటికి నేను పెద్దమనిషినయ్యానని బడి మాన్పించారు. తోటి పిల్లలు ఒక్కొక్కరే అత్తగారిళ్ళకు వెళ్ళిపోయారు. తమ్ముడు చంకపిల్లాడు. మిద్దెమీద జొన్నలు తిరగేస్తూ, పిట్టల్ని తోలుతూ, నాకు మాట్లాడే మనిషి అంటూ ఉంటే ఆ ఫోటోలో నవ్వేవాడే. ఏమి వండానో చెప్పేదాన్ని. అమ్మ ఏమి తిట్టిందో చెప్పేదాన్ని. అతనికీ నాకూ అప్పుడప్పుడూ తగవులు కూడా అయ్యేవి, నిజం. రెండు రోజులు ఫోటోను బోర్లించి పెట్టేదాన్ని, తరువాత నేనే జాలిపడి తిప్పేదాన్ని.

ఆయనకు సెలవు దొరికింది. కానీ అది ఆషాఢంలో దొరికింది. ఆషాఢంలో కొత్త అల్లుడూ అత్తా ఒకే గడప దాటకూడదని మా వైపు పట్టింపు, దాటితే ఇద్దరిలో ఒకరికి కీడంటారు. ఎమ్మిగనూరు పోయి తల్లిని చూసి, తిరిగి బొంబాయి రైలెక్కేముందు ఆదోనిలో మమ్మల్ని చూసిపోతానని ఆయన కబురు పంపాడు. ఆ కబురు వచ్చిననాడు అవ్వకూ అమ్మకూ పెద్ద రభస అయింది.

“పెండ్లయి ఎన్నేండ్లాయెనే! ఇంగా మొదటి ఆషాడమేంది, కొత్తల్లుడేంది?” అంది అవ్వ.

“పిల్ల కాపురానికి పోలేదు గదత్తా. పోనంతవరకూ కొత్తే” అంది అమ్మ.

“యుద్ధంలో ఉండేటోనికి ఆషాడమేంది, శ్రావణమేంది! వచ్చినప్పుడు రానీ.”

“యుద్ధంలో ఉండాడనే గదా నా భయం! ఏమన్నా అయితే నా చేతులారా చేసినట్టయితాది. నేను మోయలేను. నా తరం కాదు” అని అమ్మ ఏడుపు మొదలుపెట్టింది. నాయన మూతి విరిచి మండీలోకి పోయాడు. అమ్మ మాటే నెగ్గింది.

పత్తి రోజులు అయిపోయి బయలంతా బోసిగా ఉంది. ఆషాఢపు గాలి దుమ్ము లేపుతోంది. ఆయన వచ్చి ఆ కొసన షెడ్డులో కూర్చున్నాడు. అల్లుణ్ణి షెడ్డులో కూర్చోబెట్టిన అమ్మే, ఆయన కోసం తెల్లవారకముందే లేచి పప్పు ఉడకబెట్టి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసింది. ఒత్తింది నేను. అన్నీ వంకర్లు పోయాయి. అవ్వ పళ్ళెం పట్టుకుని, తడుముకుంటూ బయలు దాటిపోయింది. నేను మిద్దె ఎక్కాను. దూరాన తెల్లని బట్టలు, తెల్లని టోపీ. టోపీ కింద ముఖం ఉండాల్సిన చోట నీడ. కళ్ళు చికిలించి చూశాను, చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. ఏమీ తెలియక, చివరికి ఆ నీడలో నా ఫోటోలోని నవ్వు ముఖాన్నే పెట్టుకున్నాను. సరిగ్గా సరిపోయినట్టే అనిపించింది.

అవ్వ తిరిగి వచ్చి చెప్పిన మాటలు ఇవి. ఓడమీద ఏమి పని చేస్తావప్పా అని ఆమె అడిగితే, దూరం కొలిచే గొట్టం నాది, శత్రువు ఓడ ఎంత దూరంలో ఉందో చూసి నేను చెప్తేనే ఫిరంగి పేలుస్తారు అన్నాడట. అందులోకి చూస్తే ఓడ అడ్డంగా రెండు ముక్కలై, పైముక్క ఒక పక్కకూ కిందిముక్క ఒక పక్కకూ జరిగి కనబడుతుందట. ఒక చక్రం తిప్పుతూ పోతే రెండు ముక్కలూ ఒకదానికొకటి అతుక్కుంటాయట. అతుక్కున్నప్పుడు అందులో దూరం ఎంతో అంకెలు కనబడతాయట. “నీ మాదిరి పిల్లని కూడా నడుముకాడ రెండు తునకలు చేసి సూపిస్తాదంటమ్మీ, మల్ల అతికిస్తాదంట!” అని అవ్వ బుగ్గలు నొక్కుకుంది. ఆయన మిద్దె వైపు చూసి, “అవ్వా, నా గొట్టం ఈడ ఉంటే ఆ మిద్దెమీది మనిషి ఎంత దూరమో ఇప్పుడే చెప్తాంటి” అన్నాడట. దానికి అవ్వ, “దానికి గొట్టం యాలప్పా! నడిచిపో, తెలుస్తాది” అందట. ఆయన చాలాసేపు నవ్వాడట. నవ్వాడని విని నేను మురిసిపోయాను. నాకు తెలిసిన నవ్వే గదా.

తరువాత ఆయన ఒక మాట అడిగాడు. “గడప దాటే పని ల్యాకుండా, అమ్మాయిని ఈ బయలు నడుమదాకా రమ్మను అవ్వా. నేనూ నడుమదాకా వస్తా. ఒక్కసారి చూసి పోతా.” అవ్వ ఆ మాట మోసుకొచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. పోనిస్తుందని నేను అనుకున్నాను. దేవుడి సాక్షిగా, ఒక్క క్షణం ఆమె కూడా అనుకున్నట్టే ఉంది. అంతలో, “పట్టపగలు బయట్లోనా? పదిమంది ఏమంటారు?” అంది. “నాలుగు వారాలు ఓపిక పట్టమను. శ్రావణం రాగానే నేనే తీసుకొనిపోయి ఎమ్మిగనూర్లో అప్పజెప్తా. చీర, సారె, అన్నీ నా చేతులతో.” అవ్వ ఆ మాట మోసుకుని మళ్ళీ బయలు దాటింది. నేనూ ఒక మాట అనాలని నాకు తెలియదు, అట్లా పెంచారు.

రైలు వేళ అయినప్పుడు ఆయన షెడ్డులోంచి బయటికి వచ్చాడు. స్టేషను వైపు తిరగకుండా, తిన్నగా మా ఇంటివైపు నడిచాడు. బయలు నడుమదాకా వచ్చి ఆగాడు. తన సగం తాను వచ్చాడు. నేను పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాను. అప్పుడన్నా ముఖం కనిపించాలి గదా? ఆ గాలి కడుపు చల్లగుండ, ఎర్ర దుమ్ము లేచి మా ఇద్దరి నడుమ తెర మాదిరి నిలబడింది. అది తగ్గేసరికి ఆయన వెనుదిరిగి పోతున్నాడు. చాలాసేపు ఆ తెల్లచొక్కా వీపు కనబడింది.

శ్రావణం వచ్చింది. అమ్మ అన్న మాట తప్పలేదు, చీర కొన్నది, సారె సామాను సర్దింది. ఆయనకే సెలవు రాలేదు. మరుసటి శ్రావణానికీ రాలేదు. ఊళ్ళో కిరసనాయిలు దొరకలేదు, నూలు దొరకలేదు, బియ్యానికి వరస నిలబడ్డాం. ఒకనాడు ఎమ్మిగనూరుకు తంతి వచ్చింది, అక్కడినుంచి మాకు మనిషి వచ్చాడు. ఓడ మునిగింది. అమ్మ విన్నచోటే కూలబడి, “ఏ కీడు రాకూడదని గడప అడ్డం పెట్టినానో ఆ కీడే వచ్చె గదరా!” అని నేలను కొట్టుకుంది. ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఆమె ఆషాఢం మాట ఎత్తలేదు. నేను ఫోటోను గుండెలకు హత్తుకుని, ఆ నవ్వే ముఖంమీద పడి పడి ఏడ్చాను. నీళ్ళు తగిలి ఒక మూల ఉబ్బింది కూడా.

ఏ కర్మ చేయాలి, నా ఒంటిమీద ఏవి తీసేయాలి అని పెద్దలు మా అరుగుమీద చర్చ పెట్టుకున్నారు. కాపురం చేయని పిల్లకు ఏ శాస్త్రం వర్తిస్తుందో వాళ్ళలో వాళ్ళకే కుదరలేదు. అంతలో మా అత్త ఎమ్మిగనూరునుంచి దిగింది. అప్పట్లో పెట్రోలు లేక బొగ్గుతో నడిచే బస్సులు. ఆమె తెల్లచీరంతా మసి. అరుగుమీదివాళ్ళను పలకరించకుండా తిన్నగా లోపలికి వచ్చి అమ్మ ఎదుట నిలబడింది. తిడుతుందనుకుని అమ్మ తల దించుకుంది. అత్త తిట్టలేదు. “నా కొడుకు నీ గడప దాటకపాయె” అంది. “నీ కూతుర్నన్నా నా గడప దాటనీ.” అంతే. నేను సారె పెట్టె లేకుండా, చిన్న ట్రంకుతో ఆ బొగ్గు బస్సే ఎక్కి కాపురానికి పోయాను.

ఎమ్మిగనూరు ఇంట్లో మేమిద్దరమే. అంగడి మూతపడింది. అత్త మగ్గాలవాళ్ళకు నూలు కండెలు చుట్టి ఇల్లు నడిపేది, నాకూ నేర్పింది. పొద్దున్నే వీధిలో పడుగు దారాలు బారుగా చాచి గంజి పట్టించేవాళ్ళు, ఆ పులిసిన గంజి వాసన ఇంట్లోకి వచ్చేది. పగలంతా అటూ ఇటూ మగ్గాల చప్పుడు. చప్పుడు ఆగితే భయమేసేంత అలవాటైంది. మేము పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. జొన్నరొట్టె, గురెళ్ళ కారం, ఒకరికొకరం పెట్టుకుని తినేవాళ్ళం. ఆమె కొడుకు మాట ఎత్తదు, నేను మొగుడి మాట ఎత్తను. ఇప్పుడు మా ఇంటి పిల్లలు నిశ్చితార్థం కాకముందే ఫోనులో ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గంటలు గంటలు మాట్లాడుకుంటారు. ఆ ముఖం ఎంత దగ్గరగా వస్తుందంటే ముక్కుమీది మొటిమ కూడా కనబడుతుంది. ఇదేమి చోద్యమని బయటికి విసుక్కుంటాను. లోపల నాకు వాళ్ళను చూస్తే కుళ్ళు. దాచుకోవడమెందుకు ఈ వయసులో?

ఒక మధ్యాహ్నం నా ట్రంకు సర్దుకుంటుంటే ఫోటో జారిపడింది. అత్త తీసి, మిద్దె కప్పులో వెలుతురు కోసం వదిలిన గవాచి కిందికి పోయి పట్టుకుంది. ఆమె కళ్ళు నిండాయి. నేను ఉండబట్టలేక, జన్మలో మొదటిసారి నోరు తెరిచి, ఆ నవ్వే ముఖంమీద వేలు పెట్టి, “ఎంత బాగా నవ్వుతాండాడో గదత్తా” అన్నాను.

“ఎవరు?” అంది అత్త.

నేను మళ్ళీ వేలితో చూపించాను.

“వీడెవరో నాకు తెలీదమ్మీ. నా కొడుకు వీడు గదా!” అని ఆమె వంగి ఉన్నవాడి వీపుమీద వేలు పెట్టింది. “ఈ చెవి సూడు, కొస మడత పడ్లేదా? పుట్టినప్పటినుంచీ అంతే. గొట్టంలో సూసేది వాని పని గదా. పని ఇడ్సిపెట్టి పండ్లు ఇకిలించి నిలబడే రకం కాదు వాడు.”

అన్నేళ్ళూ నేను అన్నం తిన్నావా అని అడిగింది ఎవరిని? ఏడ్చింది ఎవరి మీద పడి? ఆ నవ్వేవాడు ఆ ఓడతోనే మునిగాడో, ఎక్కడన్నా పెళ్ళాం పిల్లలతో హాయిగా ఉన్నాడో. సిగ్గు ముంచుకొచ్చింది, అంతకు మించి కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. నా మొగుడు పోయాడు, నేను ఆయన కోసం ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. ఇప్పుడు కారుద్దామంటే ఆ ముఖం ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. “అత్తా, నేను ఆయన్ని ఎప్పుడూ సూళ్ళేదు” అన్నాను. ఆ మాట పూర్తి కాకముందే వెక్కిళ్ళు వచ్చాయి.

అత్త ఫోటో పక్కన పెట్టింది. నా చెయ్యి పట్టి ఆ వెలుతురులోకి లాక్కుని, ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తలమీది కొంగు తీసేసింది. “నన్ను సూడు” అంది. “ఈ నొసలు వానిదే. ఈ ముక్కు వానిదే, కొస ఇట్లనే కిందికి వంగినట్టుంటాది. నవ్వితే ఈ పక్క సొట్ట పడ్తాది వానికి, అది మీ మామది, నాకు ల్యా. కండ్లు మాత్తరం నావే. సూసుకో అమ్మీ. ఎంతసేపన్నా సూసుకో.” ఆమె కదలకుండా కూర్చుంది. నేను చూశాను.

ఆమే నన్ను మళ్ళీ బడికి పంపింది, టీచరు ట్రైనింగు చేయించింది. ఆ ఊళ్ళోనే పిల్లలకు చదువు చెప్పాను. సాయంత్రం ఇంటికి వచ్చి, ఆమె ఎదుట కూర్చుని అన్నం తినేదాన్ని. వంగిన ముక్కు, ఆ కళ్ళు. ఆమె జుట్టు నెరిసింది, పళ్ళు కదిలాయి, నొసట గీతలు పడ్డాయి. ఆమె ముసలిదవుతుంటే నా కళ్ళ ముందు ఆయనా ముసలివాడయ్యాడు. ఆమె పోయిననాడు నన్ను పట్టుకోవడం ఎవరివల్లా కాలేదట. అత్త కోసం ఇంతగా ఏడ్చే కోడల్ని ఎక్కడా చూడలేదని ఎమ్మిగనూర్లో చాలాకాలం చెప్పుకున్నారు. చెప్పుకోనీ. నేను ఆనాడు ఏడ్చింది నా మొగుడి కోసం.